గురువారం తోమిన రెగ్యులేటర్

నా చేతి పనితనం మీద నాకు చాలా నమ్మకం. ఆ నమ్మకానికి మా ఇంట్లో ఇప్పటిదాకా రెండు మిక్సీలు, ఒక గీజరు, మా అత్తగారిచ్చిన గోడ గడియారం బలయ్యాయి. అయినా వాల్వులు, సిలిండర్ల దగ్గరికి వస్తే మాత్రం నన్ను వేలెత్తి చూపే మొనగాడు లేడనే అనుకునేవాణ్ణి. పదకొండేళ్ళు విశాఖ హార్బరులో ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకిన డైవర్ని మరి! కుడి చెవి దెబ్బతిన్నాక డాక్టరు ఇక నీళ్ళలోకి దిగొద్దన్నాడు. సిలిండర్లు పరీక్షించే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే భార్యనీ, రెండేళ్ళ పిల్లనీ వెంటబెట్టుకుని ఘాజియాబాద్ వచ్చేశాను. వచ్చి ఇరవై రెండేళ్ళయింది. నా పేరు పద్మనాభం.

ఆ రెండేళ్ళ పిల్ల సాత్విక ఇప్పుడు లక్షద్వీప్‌లో పగడపు దిబ్బలు పరిశీలించే బృందానికి ఎంపికైంది. ఆరు నెలల పని. జువాలజీ చదివిన నాటి నుంచీ ఆ పిల్లకి వేరే ధ్యాస లేదు. చిక్కల్లా ఒక్కటే. పగడాలు నీళ్ళ అడుగున ఉంటాయి, మా పిల్ల నీళ్ళ అడుగుకి వెళ్ళలేకపోతోంది.

ముందు ఇలా ఉండేది కాదు. మే నెలలో అండమాన్ వెళ్ళి డైవింగ్ నేర్చుకుంటుంటే, ఆరు మీటర్ల లోతులో అద్దె రెగ్యులేటర్‌లోంచి గాలితో పాటు ఉప్పునీళ్ళు కూడా నోట్లోకి వచ్చాయి. దగ్గుకుంటూ, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పైకి తేలింది. అద్దెకిచ్చినాయన దాన్ని ఒకసారి ఊది చూసి, "మెషీన్‌కి ఏమీ కాలేదు, మీరే భయపడ్డారు" అని చేతులు దులుపుకున్నాడట. అప్పటి నుంచీ రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని తల ముంచితే చాలు, గుండె దడదడలాడి నిమిషం తిరక్కుండానే పైకి వచ్చేస్తోంది.

సాకేత్‌లో ఒక ఈత కొలనులో డైవింగ్ నేర్పే నవదీప్ అనే లూధియానా అబ్బాయి రెండుసార్లు పరీక్ష పెట్టాడు. రెండుసార్లూ అదే వరస. మంచివాడు, ఆదివారం మూడోసారి చూద్దామన్నాడు. సోమవారానికల్లా బృందం వాళ్ళకి అతని సర్టిఫికెట్ అందాలి. అందకపోతే సాత్విక చోటులో ఇంకొకళ్ళు వెళ్తారు.

"లోపల ఏముందో తెలియని డబ్బాని నోట్లో పెట్టుకుని ఊపిరి ఎలా పీల్చను నాన్నా?" అంది సాత్విక, బుధవారం పొద్దున్న. "ఏక్ బార్ విప్పి చూస్తే తప్ప నా వల్ల కాదు. అద్దెవి ఎవరూ విప్పనివ్వరు."

నాకు అంతకంటే ఏం కావాలి? స్టూలెక్కి అటక మీద పెట్టె దింపాను. నా పాత రెగ్యులేటర్ అందులోనే ఉంది. వయసులో సాత్విక కంటే పెద్దది.

"నేల మీద ఉద్యోగాలే లేనట్టు!" అంది ఉమ వంటింట్లోంచి. "మీ చెవిని మింగింది చాలదా ఆ సముద్రం?" ఉమ మా ఆవిడ. అనకాపల్లి మనిషి, సముద్రాన్ని ఒడ్డు మీంచి తప్ప చూడదు, చూసినా నమ్మదు.

రెగ్యులేటర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. డైవింగ్ సిలిండర్‌లో గాలి లారీ టైరులో కంటే పాతిక రెట్లు ఒత్తిడితో ఉంటుంది. దాన్ని తిన్నగా నోట్లోకి వదిలితే మనిషి మిగలడు. అందుకని సిలిండర్‌కి బిగించే ఇత్తడి భాగం ఒకటి ఆ ఒత్తిడిని లారీ టైరు పాటికి దించుతుంది. అక్కణ్ణించి గొట్టం గుండా వచ్చిన గాలిని నోట్లో పెట్టుకునే రెండో భాగం మనం పీల్చినంతే ఇస్తుంది. మొదటి భాగం లోపల చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ సన్నటి గట్టు. ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి వచ్చి ఆ గట్టు మీద కూర్చుంటే గాలి ఆగుతుంది, లేస్తే పారుతుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ అది లేచి కూర్చుంటుంది. అంతే, మనిషి ప్రాణం ఆ గట్టు మీద ఉంటుంది.

ఇదంతా చెబుతూ ఒక్కొక్క ముక్కా విప్పాను. సాత్విక ప్రతిదానికీ ఫోన్లో ఫోటో తీసి, విప్పిన వరసలోనే ఇడ్లీ రేకుల గుంటల్లో పేర్చింది. స్ప్రింగు ఒక గుంటలో, పిస్టన్ ఒక గుంటలో, ఎండిపోయి పగిలిన రబ్బరు రింగులన్నీ ఒక గుంటలో. కొత్త రింగులకీ బిళ్ళలకీ ఆ పూటే కొరియర్‌లో ఆర్డరు పెట్టాం, మర్నాటికల్లా వచ్చాయి. "రేపు ఇడ్లీలు ఎందులో వేసుకుంటారో మీ నాన్నని అడుగు" అంది ఉమ. ఎవరమూ అడగలేదు.

"ఇత్తడిని ఎప్పుడూ ఇనుముతో గీకకూడదు, తెలిసిందా?" అని సాత్వికకి పాఠం చెప్పాను. "చెక్కపుల్లో, ప్లాస్టిక్ పుల్లో వాడాలి." బుద్ధిగా తలాడించి, తనకి ఎవరో ఫోన్ చేస్తే బాల్కనీలోకి వెళ్ళింది. మొదటి భాగం తాలూకు ఇత్తడి గుల్ల లోపల చిలుము పచ్చగా పేరుకుపోయి ఉంది. టూత్‌పిక్ రెండుసార్లు విరిగింది. ఉమ గాజులకి ఎప్పుడూ రెండు పిన్నీసులుంటాయి కదా, ఒకటి అడిగి తీసుకుని కాస్త గీకి ఇచ్చేశాను. మిగతా చిలుము వెనిగర్‌లో నానబెడితే పోతుంది. ఇంట్లో వెనిగర్ లేదు. రేపు తెద్దాంలే అని ఆ గుల్లని ఒక గిన్నెలో పడేసి సింకు పక్కన పెట్టాను.

గురువారం ఫ్యాక్టరీలో ఆలస్యమై వెనిగర్ సంగతి మరిచిపోయాను. శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే చూస్తే గిన్నె ఖాళీగా ఉంది. ఇల్లంతా వెతికాను. చివరికి దేవుడి అరలో కనిపించింది నా రెగ్యులేటర్ గుల్ల. కుందులకీ హారతి పళ్ళేనికీ మధ్యలో బంగారంలా మెరుస్తోంది. మీద మూడు కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి.

"ఏటి ఉమా ఇది?"

"నిన్న గురువారం కదండీ, దేవుడి సామాను తోముతున్నాను. ఇది కూడా ఇత్తడే కదా అనేసి చింతపండూ ఉప్పూ వేసి తోమేశాను. ఏం చిలుమండీ బాబూ, చేతులు పడిపోయాయి!"

"మరి బొట్టెందుకు?"

"పిల్ల ప్రాణం దాని మీదే ఉందని మొన్న మీరేగా అన్నారు."

సాత్విక పడీ పడీ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. నాకు తెలియకుండా నా పనిలో ఎవరైనా వేలు పెడితే నాకు చిర్రెత్తుకొస్తుంది. బొట్లు కడిగి, వేడినీళ్ళలో జాడించి, ఆరబెట్టి, మూతి ముడుచుకునే మొత్తం బిగించాను. నవదీప్ ఒక నిండు సిలిండరూ, ప్రెషర్ చూసే గేజీ అరువిచ్చాడు. అవి బాల్కనీలో ఉన్నాయి. అక్టోబరు కదా, బయట ఎదుటి టవర్ కూడా కనిపించనంత పొగమంచూ దుమ్మూ. మా ఘాజియాబాద్ మొత్తం మీద పీల్చదగ్గ గాలి ఆ పూట ఆ సిలిండర్‌లోనే ఉండి ఉంటుంది.

రెగ్యులేటర్ బిగించి వాల్వు తిప్పాను. గేజీ ముల్లు తొమ్మిది దగ్గర ఆగాలి. తొమ్మిదికి వచ్చింది. ఆగలేదు. తొమ్మిదిన్నర అయింది, పది దాటింది, పదకొండు దగ్గరికి వచ్చేసరికి నోటి దగ్గర భాగం బుస్సుమని గాలి కక్కడం మొదలెట్టింది. సాత్విక రెండడుగులు వెనక్కి వేసింది. గబగబా వాల్వు కట్టేశాను.

లోపల గట్టు దెబ్బతిందన్నమాట. బిళ్ళ సరిగ్గా కూర్చోవడం లేదు.

"తోమావుగా!" అని అరిచాను వంటింట్లోకి వెళ్ళి. "పీచు పెట్టి, ఉప్పు పెట్టి గీకి గీకి పాడు చేశావు. అసలు నీకు పిల్ల వెళ్ళడమే ఇష్టం లేదు. అందుకే తోమే వంకతో చెడగొట్టావు."

మాట నోరు జారాక తెలిసింది ఎంత మాటన్నానో. కానీ కోపం నెత్తికెక్కి ఉంది కదా, వెనక్కి తీసుకోలేదు. ఉమ కొంగుతో చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. తిరిగి నన్ను నాలుగు దులిపేసి ఉంటే నాకు హాయిగా ఉండేది.

"ఛోడో నాన్నా," అంది సాత్విక. "అమ్మనేమీ అనకండి. నేను రానని సోమవారం మెయిల్ పెట్టేస్తాను. ఇట్స్ ఓకే." ఆ పూట మా ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో అన్నం తిన్నాం.

శనివారం పొద్దున్న మనసు ఊరుకోక మళ్ళీ విప్పాను. ఫ్యాక్టరీలో సిలిండర్ మరలు చూడటానికి వాడే భూతద్దం ఒకటి నా దగ్గరుంది. దాన్ని కంటికి ఆనించి, టార్చి వేసి లోపలికి చూశాను. గుల్ల లోపలంతా కొత్త ఇత్తడిలా ఉంది. వెనిగర్‌లో రెండు రోజులు నానబెట్టినా అంత శుభ్రం అయ్యేది కాదు. చింతపండు పులుపు చేసిన పని అది. గట్టు కూడా గుండ్రంగా నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం దాని మీద అడ్డంగా ఒక గీత ఉంది. సన్నగా, తిన్నగా, పిన్నీసు మొనంత.

ఉమ పీచు ఆ లోతుకి వెళ్ళదు. ఆ రంధ్రంలోకి చిటికెన వేలు కూడా పట్టదు. పీచుతో గీస్తే సవాలక్ష గీతలు పడతాయి గానీ ఒక్కటి పడదు. ఇది నేను గీసింది. పిల్లకి పాఠం చెప్పి, ఆ పిల్ల అటు తిరగ్గానే ఇనుముతో గీకింది నేను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. చెప్పకుండా ఊరుకుందామని అనిపించింది. ఆ గీతని చూసి అదేంటో చెప్పగలవాడు ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. ఉమ మీద పడ్డ నింద ఎలాగూ పడింది, నాలుగు రోజులకి అదే సర్దుకుంటుంది. చెబితే మాత్రం సాత్వికకి నా చేతి మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. నాన్నే చెడగొట్టిన దాన్ని నోట్లో పెట్టుకుని ఆ పిల్ల నీళ్ళలోకి ఎలా దిగుతుంది? ఇలా పావుగంట సేపు నాకు నేనే ప్లీడరుగా వాదించుకున్నాను. ఇంతలో వంటింట్లో ఉమ పెసరట్టు తిరగేస్తూ చెయ్యి నొప్పికి మణికట్టు నొక్కుకోవడం కనిపించింది. రెండు రోజుల కిందట నా ఇత్తడిని తోమిన చెయ్యి అది. సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్ళి పొయ్యి పక్కన నిలబడ్డాను. "ఉమా, చెడగొట్టింది నువ్వు కాదు. నేను. నీ పిన్నీసుతో గీకాను బుధవారం. నువ్వు తోమిన చోట ఒక్క గీత కూడా లేదు. తప్పయిపోయింది."

పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయింది. తప్పయిపోయిందని నేను అనగా ఉమ వినడం అదే మొదటిసారి. అట్లకాడ పట్టుకుని నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"పిన్నీసు నాదే కదండీ," అంది చివరికి. "అలాగనేసి అదీ నా తప్పే అంటారేమో అని చూస్తన్నాను." అని కళ్ళు తుడుచుకుంది. "పిల్ల వెళ్తే భయమే నాకు. భయమని చింతపండుతో పాడు చేస్తానా? పాడు చేసేదాన్ని బొట్టెందుకు పెడతానండీ?"

వెనక గుమ్మంలో సాత్విక నిలబడి ఉంది. మొత్తం విన్నట్టుంది. బాల్కనీలోకి వెళ్ళి, భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు లోపలికి చూసింది. నేను కుక్కిన పేనులా పక్కన నిలబడ్డాను.

"ఇదేనా ఆ గీత?"

"అదే."

"ఇంత సన్న గీతకేనా నిన్న అంత చప్పుడు?"

"దానికే. బిళ్ళ కూర్చున్నా ఆ సందులోంచి గాలి పాకుతూనే ఉంటుంది."

సాత్విక నేల మీద చతికిలబడింది. "అండమాన్‌లో కూడా ఇలాంటిదే ఏదో అయి ఉంటుంది కదా నాన్నా? ఏ రబ్బరు వాల్వో చిరిగి ఉంటుంది. ఆయన మాత్రం విప్పకుండానే నేను భయపడ్డానన్నాడు. ఐదు నెలల నుంచి నాలోనే ఏదో పాడైపోయిందనుకుంటున్నాను." వేలితో ఆ గుల్లని తట్టి, "పాడైంది ఇక్కడ, పాడు చేసింది నేను అని మీరు చెప్పారు. పహ్లీ బార్, మొదటిసారి ఎవరో చెప్పారు," అంది.

చెబితే నమ్మకం పోతుందని పావుగంట వాదించుకున్న నా తెలివి చూడండి!

"దీన్ని బాగు చెయ్యొచ్చా?" అని అడిగింది.

"చెయ్యొచ్చు. లోతు గీత కాదు. కానీ నేను చెయ్యను. నా చేతికి తొందరెక్కువ. నువ్వే చెయ్యాలి."

పాలిష్ కాగితం చాలా సన్న రకం నా దగ్గరుంది. చేత్తో తడిమితే నోటుబుక్కు కాగితంలాగే ఉంటుంది. రబ్బరున్న పెన్సిల్ తీసుకుని, ఆ రబ్బరు చివర గుండ్రంగా కత్తిరించిన కాగితం అంటించాం. దాన్ని నీళ్ళతో తడిపి గట్టు మీద ఆనించి, రెండు అరచేతుల మధ్య పెన్సిల్‌ని మజ్జిగ కవ్వంలా తిప్పాలి. సాత్విక మొదలెట్టింది. నేను టార్చి పట్టుకున్నాను. "గట్టిగా నొక్కు" అందామని నోరు తెరిచేలోగా ఉమ వచ్చి పక్కన కూర్చుంది.

"నొక్కకమ్మా. ఇత్తడికి బలం పనికిరాదు. నిమ్మళంగా, తిన్నగా పట్టుకుని తిప్పు. దానంతటదే వస్తాది."

నేను నోరు మూసుకున్నాను. ముప్పై తిప్పులకోసారి కడిగి, భూతద్దంలో చూసి, మళ్ళీ తిప్పడం. గీత సన్నబడింది. కాసేపటికి వెంట్రుకంత అయింది. మధ్యాహ్నం భోజనాల వేళకి సాత్విక భూతద్దం నా చేతికిచ్చి, "ఢూండియే" అంది. నేను వెతికాను. కనపడలేదు. ఉమ కూడా వెతికింది, గీత ఎక్కడుండేదో తెలియకపోయినా.

బాగా కడిగి, ఆరబెట్టి, కొత్త రింగులకి సిలికాన్ జిడ్డు పలచగా రాసి, ఇడ్లీ రేకుల్లోంచి ఒక్కొక్క ముక్కా తీసి సాత్వికే బిగించింది. నేను ఒక్క మర కూడా ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను, అవి ఆగవు కాబట్టి. వాల్వు కూడా తనే తిప్పింది. ముల్లు లేచి తొమ్మిది దగ్గర ఆగింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అరగంట అయినా అది అక్కడే ఉంది. నోటి భాగం చప్పుడు చెయ్యలేదు. సాత్విక దాన్ని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బాల్కనీలో మొక్కల మధ్య కూర్చుని ఇరవైసార్లు ఊపిరి పీల్చింది.

నేల మీద పీల్చడం వేరు, నీళ్ళలో వేరు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే సాకేత్ వెళ్ళాం. ఉమ కూడా వచ్చింది. నవదీప్ మా రెగ్యులేటర్‌ని తన సిలిండర్‌కి బిగించి, తన గేజీతో అరగంట పరీక్షించాడు. నీళ్ళ బకెట్‌లో ముంచి బుడగలొస్తాయేమో చూశాడు. అవసరమైతే ఇవ్వడానికి తన దగ్గర ఇంకో రెగ్యులేటర్ తగిలించుకున్నాడు. "కిస్‌నే సర్వీస్ కియా, అంకుల్?" అని అడిగాడు. మా అమ్మాయి అన్నాను. వాళ్ళమ్మ తోమింది అని కూడా అన్నాను. అతనికి అర్థం కాలేదు, పర్వాలేదు.

పరీక్ష చెప్పడానికి చిన్నదే. నాలుగు మీటర్ల అడుగున మోకాళ్ళ మీద కూర్చోవాలి. రెగ్యులేటర్ నోట్లోంచి తీసేసి, మళ్ళీ పెట్టుకుని ఊపిరి పీల్చాలి. ఆ తర్వాత పది నిమిషాలు అడుగునే ఉండాలి.

సాత్విక దిగింది. పక్కనే నవదీప్ దిగాడు. కొలనులో నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున ఇద్దరూ బాగా కనిపిస్తున్నారు. మొదటి నిమిషం నేను ఊపిరి బిగబట్టాను, నీళ్ళలో ఉన్నది నేనైనట్టు. ఉమ నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు గానీ గాజులు గుచ్చుకున్నాయి. నిమిషం దాటింది. సాత్విక చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. రెగ్యులేటర్ బయటికి తీసింది. ఒక్కసారి భుజాలు బిగుసుకున్నాయి. అయిపోయింది, వచ్చేస్తుంది అనుకున్నాను. రాలేదు. పెదవుల మధ్యనుంచి సన్నగా బుడగలు వదులుతూ, తొందరపడకుండా రెగ్యులేటర్‌ని తిప్పి చూసుకుని, నోట్లో పెట్టుకుంది. పెద్ద బుడగల గుత్తి ఒకటి పైకి లేచి మా కాళ్ళ దగ్గర పగిలింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. నేను ఏడుస్తున్నానని ఉమ చెబితే గానీ నాకు తెలియలేదు.

పది నిమిషాలయింది. నవదీప్ పైకి పోదామని బొటనవేలు చూపించాడు. సాత్విక తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి చూపించాడు. ఈసారి అతని వైపు చూడను కూడా లేదు. అడుగున పలకల మీద పొట్ట ఆనేంత కిందుగా ఈదుతూ, అక్కడ పగడాలున్నట్టే అటూ ఇటూ వెతుక్కుంటోంది. పావుగంటయింది, ఇరవై నిమిషాలయింది. ఉండబట్టలేక నేను గట్టున వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తపతపా కొట్టాను.

అప్పుడు పైకి వచ్చింది. వెనకే నవదీప్ తేలాడు, నవ్వుతున్నాడు. సాత్విక రెగ్యులేటర్ నోట్లోంచి తీసి నా వైపు చిరాగ్గా చూసింది.

"అప్పుడే ఎందుకు పిలుస్తారు నాన్నా? ఇంకా సగం గాలుంది," అని, నా జవాబు కోసం ఆగకుండా మళ్ళీ మునిగిపోయింది.